బాషా ఇప్పటి పిల్లలకు ఎక్కడం లేదా, మనమే ఎక్కువ చేస్తున్నామా?

మల్కాజిగిరి_నాన్న
ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ తిన్నాక మావాణ్ణి కూర్చోబెట్టి రజనీకాంత్ బాషా పెట్టాను. ఇంటర్ సెకండియర్ చదువుతున్నాడు. ఎప్పటి నుంచో వాడికి చూపించాలనుకుంటున్న సినిమా. నలభై నిమిషాలు కాకముందే మొదలుపెట్టాడు, 'డాడీ, ఈయన ఎప్పుడు కొడతాడు?' అని. ఆగరా అన్నాను. స్తంభానికి కట్టేసి కొట్టే సీన్ వచ్చేసరికి నేను సోఫా అంచుకు జరిగి కూర్చున్నా. వాడు ఫోన్ చూసుకుంటూనే 'అంత పెద్ద డాన్ అయితే తన్నులెందుకు తింటున్నాడు, లాజిక్ లేదు' అన్నాడు. ఫ్లాష్‌బ్యాక్‌లో ఇంకో మాట: 'ఇది కేజీఎఫ్ లాగే ఉందే!' 1995 సినిమారా నాయనా అంటే 'ఓహో' అన్నాడు. అంతే. ఓహో.

కోపం కూడా రాలేదు, మనసు ఏదోలా అయిపోయింది. నిజం చెప్పండి, సినిమా పాతబడిపోయిందా? లేక అప్పటి విజిల్స్ ఇంకా మన చెవుల్లోనే మోగుతున్నాయా?

నేల_టికెట్
వాడికి రేపటి నుంచి బిర్యానీ బంద్ చెయ్యండి.

పక్కా_లెక్కలు
మీవాడు అడిగింది తప్పేం కాదు. నేను పోయిన ఏడాది మళ్లీ చూశాను. మొదటి సగం బాగుంది. నగ్మా పాటలు వచ్చినప్పుడల్లా లేచి నీళ్లు తాగొచ్చాను. సెకండాఫ్‌లో బొంబాయి అంతా సెట్టింగులు, కోట్లు, పొగ. ఇంకోటి, బొంబాయిని గడగడలాడించినవాడు మద్రాసులో ఆటో నడుపుతుంటే ఏళ్ల తరబడి ఒక్కడూ గుర్తుపట్టడా?

ఇరానీ_చాయ్
గడ్డం తీసేసి ఖాకీ చొక్కా వేసుకున్నాడు కదా. ఇంకేం కావాలి మీకు, ఆధార్ కార్డా?

చిక్కడపల్లి_చిన్నోడు
పక్కా_లెక్కలు అన్నా, నువ్వు థియేటర్లో చూసుంటే ఈ మాట అనవు. నాకప్పుడు పదమూడేళ్లు. మా చిన్న మామయ్య క్రాస్ రోడ్స్‌కు తీసుకెళ్లాడు. బుకింగ్ దగ్గర ఇనుప గొట్టాల మధ్య లైను, ముందోడి వీపుకు మన ముక్కు అతుక్కుపోయేది. టికెట్ దొరికేసరికి నా చొక్కాకి రెండు గుండీలే మిగిలాయి. లోపల మొదటి గంట హాలు హాలంతా ఒకలాంటి టెన్షన్‌లో ఉంది. ఆయన చేతులు జోడించినప్పుడల్లా వెనక నుంచి ఎవడో ఒకడు 'అరే కొట్టరా!' అని అరిచేవాడు. స్తంభానికి కట్టినప్పుడు మాత్రం ఎవరూ అరవలేదు. ఆయన నవ్వుతుంటే మా మామయ్య నా భుజం పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నట్టు ఆయనకే తెలియలేదు.

ఆ తర్వాత చెల్లెలి మీద చెయ్యేశారు. ఇంట్లోవాళ్లను లోపలికి వెళ్లమని అరిచాడు. ఆ ఒక్క అరుపుకి కాగితం ముక్కలు లేచాయి చూడు, నాలుగైదు నిమిషాలు తెర సరిగ్గా కనపడలేదు. నేను ఆ ఫైటు సరిగా చూసింది చాలా ఏళ్ల తర్వాత, టీవీలో.

మల్కాజిగిరి_నాన్న
చిన్నోడూ, ఇదే నేను మావాడికి చెప్పలేకపోయింది.

అత్తాపూర్_అక్క
హాల్లో అందరూ అరిచారు కాబట్టి సినిమా గొప్పది అంటున్నారు. అది హాలు గొప్పతనం. సినిమా సంగతి చెప్పండి.

తార్నాక_తంబి
సినిమా సంగతి నేను చెప్తా అక్కా. మా ఇంట్లో తమిళం, బయట తెలుగు. నేను రెండూ చూశాను. ఆ స్తంభం సీన్ అసలు ఉండకూడదని పట్టుబట్టింది ఎవరో తెలుసా? నిర్మాత ఆర్.ఎం. వీరప్పన్. ఆయన ఎంజీఆర్ మనిషి. హీరోని కట్టేసి కొడితే జనం ఒప్పుకోరని ఆయన భయం. దర్శకుడు సురేష్ కృష్ణ తర్వాత పుస్తకంలో రాశాడు ఇదంతా. రజనీ, ఆయనా కలిసి నిర్మాతను ఒప్పించి తీశారు. మల్కాజిగిరి అన్నా, మీవాడు అన్నది, ఆ నిర్మాత అన్నది ఒకటే మాట. కాబట్టి మీవాడికి నిర్మాత అయ్యే లక్షణాలున్నాయి.

నేల_టికెట్
హహహ. బిర్యానీ ఆర్డర్ వాపస్ తీసుకుంటున్నా.

పక్కా_లెక్కలు
తంబి, మీరు చెప్పింది తెర వెనక కథ. అది విని సీన్ బాగుందనుకోలేం కదా. నా పాయింట్ ఇప్పుడు చూసేవాడికి ఎలా ఉంది అని. ఇప్పటి సినిమాల్లో పది నిమిషాలకో ఎలివేషన్ ఉంటుంది. పిల్లలు దానికి అలవాటు పడ్డారు. గంట దాకా ఏమీ ఇవ్వకపోతే చూడరు.

చిక్కడపల్లి_చిన్నోడు
గంట దాకా ఏమీ ఇవ్వలేదా? డీఐజీ గదిలో అన్నయ్యను చూడగానే ఆ పోలీసాఫీసర్ మొహం ఎలా మారిపోతుంది? అది ఎలివేషన్ కాదా?

ఈసీఐఎల్_ఎక్స్‌రోడ్స్
నన్నడిగితే సినిమా మొత్తానికి తలమానికం మెడికల్ సీటు సీన్. డిగ్రీ చదివేటప్పుడు మా హాస్టల్లో వీసీఆర్ అద్దెకు తెచ్చి ఆ ఒక్క ముక్కే వెనక్కి తిప్పి తిప్పి చూసేవాళ్లం, టేపు అక్కడ గీతలు పడిపోయింది. చెల్లెల్ని బయటికి పంపిస్తాడు. లోపల కాలేజీ పెద్దమనిషితో ఏదో చెప్తుంటాడు. మనకు మాట వినపడదు. ఆ కూర్చునే తీరు, ఆ చెయ్యి, వెనక దేవా మ్యూజిక్, అంతే. ఎదుటివాడి మొహంలో రక్తం దిగిపోవడం కనపడుతుంది. బయటికొచ్చేసరికి మళ్లీ మామూలు ఆటోవాడు. ఏం చెప్పావన్నయ్యా అంటే, నిజం చెప్పానంటాడు. ఒక్క దెబ్బ లేదు, ఒక్క రక్తం చుక్క లేదు. ఇప్పుడైతే ఆ గదిలోనే పది మందిని అద్దాల్లోంచి బయటికి విసిరేస్తారు.

తార్నాక_తంబి
ఆ సీన్ పుట్టుక ఇంకా విచిత్రం. రజనీ 1991లో హిందీలో అమితాబ్‌తో హమ్ చేశాడు కదా. తమ్ముడి పోలీస్ అకాడమీ సీటు కోసం అమితాబ్ వెళ్లే సీన్ ఒకటి ఆ సినిమా కోసం అనుకుని, తర్వాత వాడలేదట. రజనీకి అది మనసులో ఉండిపోయింది. బాషా కథ అక్కణ్ణుంచే అల్లారు.

పక్కా_లెక్కలు
అంటే కాపీయేగా.

తార్నాక_తంబి
వాళ్లు వద్దనుకున్న సీన్ చుట్టూ సినిమా కట్టుకుంటే కాపీ ఎలా అవుతుంది? పక్కింటివాళ్లు పారేసిన విత్తనం మన పెరట్లో చెట్టయితే కాయలు వాళ్లవా?

ఇరానీ_చాయ్
మా పక్కింటాయన అలాగే అంటాడు. మామిడికాయలన్నీ కోసుకుపోతాడు.

అత్తాపూర్_అక్క
హమ్‌లోనూ ఒకప్పటి రౌడీ పేరు మార్చుకుని తమ్ముళ్లతో బతకడం, పాత శత్రువు మళ్లీ రావడం ఉన్నాయి. పోలిక లేదనడం కుదరదు తంబీ. అయినా నాకు బాషానే నచ్చింది. హమ్‌లో ఆయన దాక్కున్న డాన్ అని మనకు ముందే తెలుసు. ఇందులో మనకూ చెప్పరు. ఆ తేడా చాలా పెద్దది.

కృష్ణానగర్_గొంతు
డబ్బింగ్‌లో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను, చిన్న చిన్న పాత్రలే. ఈ థ్రెడ్‌లో ఇంత మంది మాట్లాడారు, గొంతిచ్చిన సాయికుమార్ పేరు ఒక్కరూ ఎత్తలేదు. తెలుగులో బాషా సగం ఆయనదే.

డబ్బింగ్‌లో మాకు మొదట చూడమనేది పెదాలు. ప, బ, మ వస్తే పెదాలు మూసుకుంటాయి. తెర మీద మూసుకున్న చోట మన మాటలోనూ అలాంటి అక్షరం పడాలి, లేకపోతే చూసేవాడికి ఏదో తేడా కొడుతుంది, ఎందుకో తెలియదు. 'నేను ఒక్కసారి చెబితే వంద సార్లు చెప్పినట్టు' అనే డైలాగ్ చూడండి. తమిళంలో మొదలు 'నాన్', తెలుగులో 'నేను'. 'ఒరు'కి 'ఒక్క'. నోరు అలాగే తెరుచుకుంటుంది. ఇక ఆ ఆగడం. ఒక్కసారి చెబితే అన్నాక ఎంతసేపు ఆగాలి? రజనీ వేలు తెర మీద కదులుతోంది, దాన్ని చూస్తూ ఊపిరి బిగబట్టాలి. కొత్తగా వచ్చిన పిల్లలకు మేం ఇప్పటికీ ఆ ముక్క పెట్టి చూపిస్తాం. అందరూ గొంతు బరువు చేస్తారు కానీ ఆ ఖాళీ పట్టుకోలేరు.

చిత్తూరోణ్ణి
అక్కా, అసలు ఆ డైలాగ్‌కి డబ్బింగే అక్కర్లేదు మాకు. తమిళంలో 'తడవ', 'మాదిరి' అనే కదా ఉండేది. మేం ఇంట్లో మాట్లాడేదే అది. 'నూరు తడవలు చెప్పినా వినవు', 'చెప్పిన మాదిరి చెయ్యి' అని మా అమ్మ రోజూ అంటుంది. రజనీ కంటే ముందు నుంచీ అంటోంది.

కృష్ణానగర్_గొంతు
భలే పట్టారు!

నేల_టికెట్
రజనీకి తెలుగులో మనో గొంతు కదా?

కృష్ణానగర్_గొంతు
ముత్తు దగ్గర్నుంచి మనో గారు. ఆ నవ్వు, ఆ అల్లరి ఆయనకే కుదిరింది. బాషా మాత్రం సాయికుమార్ గారే. సుమన్, రాజశేఖర్‌లకు ఎన్నో సినిమాలు చెప్పినాయన. ఆటో నడిపే మామూలు మాణిక్యానికి ఒక గొంతు, డాన్ బాషాకి ఒక గొంతు. మాణిక్యం మాట్లాడేటప్పుడు గొంతు పైనుంచి వస్తుంది, బాషా మాట్లాడేటప్పుడు పొట్టలోంచి వస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి ఒకసారి.

పాతబస్తీ_ఫిరోజ్
మా అబ్బా ఆటో తోలేవాడు. శాలిబండ స్టాండ్. అప్పుడు నేను చిన్నోణ్ణి. ఆ సినిమా వచ్చినాక స్టాండ్‌లో సగం మంది ఖాకీ చొక్కా గుండీలు విప్పి కాలర్ లేపి తిరిగినారు. వెనక అద్దం మీద రజనీ స్టిక్కర్, పక్కన మక్కా మదీనా స్టిక్కర్. ఎవరికీ ఏం తేడా అనిపించలే. దోస్తు అన్వర్‌ని చంపేసినాకే కదా మాణిక్యం బాషా అయింది. మా గల్లీలో ఆ ముచ్చట శానా రోజులు నడిచింది. మా అబ్బా అయితే సినిమాలు చూసేటోడే కాదు. అన్వర్ కోసం ఒక్కసారి పోయిండు, అన్వర్ సచ్చిపోంగనే లేచి వచ్చేసిండు. మిగతా సినిమా ఆయనకు నేనే చెప్పిన.

ఇంకో సంగతి. స్టాండ్‌లో ఒకాయన ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపితే లైసెన్స్ అడిగినప్పుడు వేలు లేపి ఆ డైలాగ్ కొట్టిండు. ఆయన కూడా నవ్వి, 'నేను కూడా ఒక్కసారి రాస్తే వంద సార్లు రాసినట్టు' అని చలాన్ చేతిలో పెట్టిండు.

ఇరానీ_చాయ్
భాయ్ 😂😂 నిజమా ఇది?

పాతబస్తీ_ఫిరోజ్
స్టాండ్‌లో చెప్పింది చెప్పిన. ఆటోస్టాండ్ ముచ్చటకి సాక్షి సంతకాలు ఉంటయా?

అత్తాపూర్_అక్క
ఫిరోజ్, మీ నాన్న గారి ముక్క బాగుంది. ఇప్పటికీ దసరాకి మా వీధి చివర ఆటోలకు బంతిపూల దండలు కట్టి, గుమ్మడికాయ కొట్టి, బాలు పాడిన ఆ ఆటోవాడి పాటే పెడతారు. అది తప్ప ఇంకో పాట లేనట్టు. పొద్దున ఆరింటికి.

పక్కా_లెక్కలు
సరే, మొదటి సగం నేను ఒప్పుకుంటున్నా. కానీ దీన్ని గొప్ప రివెంజ్ సినిమా అంటారు అందరూ. ఎక్కడుంది పగ? అన్వర్‌ని చంపినవాళ్ల మీద పగ ఫ్లాష్‌బ్యాక్‌లోనే తీరిపోయింది. ఆఖర్లో ఆంటోనీని కాల్చేది పోలీసు తమ్ముడు. హీరో చేతిలో విలన్ చావకపోతే అదేం క్లైమాక్స్?

చిక్కడపల్లి_చిన్నోడు
ఇది నాకూ చిన్నప్పుడు నచ్చలేదు, నిజం.

ఈసీఐఎల్_ఎక్స్‌రోడ్స్
సెకండాఫ్‌లో పగ ఆంటోనీది. జైలు నుంచి తప్పించుకుని వచ్చేది వాడు, వెతుక్కుంటూ వచ్చేది వాడు. మాణిక్యం పగ మానేసి చాలా ఏళ్లయింది, తండ్రికి మాటిచ్చి. అందుకే నాకు స్తంభం సీన్ అంత బరువుగా అనిపిస్తుంది. కొట్టడం చేతకాక కాదు, మాట ఇచ్చి ఉన్నాడు. మల్కాజిగిరి అన్నా, మీవాడు లాజిక్ అడిగాడు కదా, ఆ లాజిక్ సినిమాలోనే ఉంది. కాకపోతే గంటన్నర తర్వాత వస్తుంది. అప్పటికి వాడు ఫోన్‌లో ఉన్నాడు.

పక్కా_లెక్కలు
ఇది ఒప్పుకుంటా. కానీ క్లైమాక్స్ చప్పగా ఉందన్న మాట వెనక్కి తీసుకోను.

అత్తాపూర్_అక్క
తీసుకోకండి. నాకూ చప్పగానే ఉంది. ఇంటర్వెల్ దగ్గర అంత ఇచ్చాక ఇంకేం ఇచ్చినా చప్పగానే ఉంటుంది. వడ్డించేటప్పుడు గారెలు ముందు పెట్టేసి ఆఖర్న మజ్జిగ పోసినట్టు.

నేల_టికెట్
రఘువరన్ గురించి ఎవరూ మాట్లాడరేం? శివలో భవాని చూసి భయపడ్డవాళ్లం మనం. ఆంటోనీగానూ అంతే. సన్నగా, పొడుగ్గా, ఒంట్లో కండ లేదు. అయినా గదిలోకి వస్తే ఫ్యాన్ కూడా మెల్లగా తిరుగుతున్నట్టు ఉంటుంది. 2008లో పోయాడు. ఆయన తర్వాత విలన్లందరూ జిమ్‌కి వెళ్లొచ్చినవాళ్లే.

చిక్కడపల్లి_చిన్నోడు
ఫ్యాన్ మాట బాగుంది అన్నా.

ఇరానీ_చాయ్
బాషా తర్వాత మన హీరోలకు పట్టిన జబ్బు గురించి ఒక మాట. ప్రతి ఒక్కడూ ఏదో ఒక చిన్న ఉద్యోగంలో దాక్కోవాల్సిందే. సమరసింహారెడ్డిలో హోటల్ సర్వర్. నరసింహనాయుడులో డాన్స్ మాస్టర్. ఇంద్రలో కాశీలో టాక్సీ డ్రైవర్. ఇంటర్వెల్‌కి ఎవడో వచ్చి కాళ్ల మీద పడటం, ఊరు ఊరంతా దండం పెట్టడం. కొన్నాళ్లు నాకు మా ఆఫీసు అటెండర్ మీద కూడా అనుమానం ఉండేది. చాలా వినయంగా ఉండేవాడు.

నేల_టికెట్
సింహాద్రి మర్చిపోయావ్. అందులో ఇంట్లో పనివాడిలా ఉంటాడు, కేరళలో వాడి పేరు చెబితే వణుకు.

ఈసీఐఎల్_ఎక్స్‌రోడ్స్
ఇంతకీ ఆ అటెండర్ ఎవరు?

ఇరానీ_చాయ్
అటెండరే. రిటైరయ్యాడు.

పక్కా_లెక్కలు
ఈ లిస్టే నా పాయింట్. అచ్చు ఒకటే, పోతలు పాతిక. ఆ కుర్రాడు పోతలన్నీ ముందు చూసి అచ్చు దగ్గరికి ఆఖర్న వచ్చాడు. వాడికి అది కేజీఎఫ్ లాగే ఉంటుంది మరి. వాణ్ణి తప్పు పట్టలేం.

తార్నాక_తంబి
ఇది కరెక్ట్. నేనే హమ్‌ని బాషా తర్వాత చూసి 'ఇదేంటి బాషాలా ఉంది' అనుకున్నాను. అప్పుడు నాకూ ఇంచుమించు మీవాడి వయసే.

ఇంకో సంగతి, ఆ సినిమా విజయోత్సవ సభలో రజనీ తమిళనాడులో బాంబుల సంస్కృతి గురించి మాట్లాడాడు. 1995లో మణిరత్నం ఇంటి మీద బాంబు పడిన రోజులవి. వేదిక మీద ఉన్న వీరప్పన్ అప్పుడు జయలలిత ప్రభుత్వంలో మంత్రి. దాంతో ఆయన పదవి పోయింది. ఒక సినిమా ఫంక్షన్ మంత్రి కుర్చీకి ఎసరు పెట్టింది.

చిత్తూరోణ్ణి
అది మొదలుపెడితే తెల్లారదు తంబీ. వేరే థ్రెడ్ పెట్టు, నేనూ వస్తా.

కృష్ణానగర్_గొంతు
మల్కాజిగిరి గారూ, చిన్న సలహా. టీవీ స్పీకర్లో కాదు, సౌండ్‌బార్ ఏదైనా ఉంటే పెట్టండి. పగలు కాదు, రాత్రి. మొదటి నుంచి వద్దు. మెడికల్ సీటు ముక్క ఒక్కటి చూపించి ఆపేయండి. అడిగితేనే మిగతాది.

నేల_టికెట్
ఆ, బీపీ మాత్రల్లాగా. రోజుకొకటి.

మల్కాజిగిరి_నాన్న
కృష్ణానగర్ గారు చెప్పినట్టే చేశాను. నిన్న రాత్రి భోజనాలయ్యాక లైట్లు ఆపి సీటు సీన్ పెట్టాను. మా ఆవిడ 'మళ్లీనా' అంటూనే వచ్చి కూర్చుంది. వాడు ఫోన్ బోర్లా పెట్టాడు. పెట్టమని నేను అనలేదు. సీన్ అయిపోయింది, నేను రిమోట్‌తో ఆపేశాను. కాసేపు ఏమీ అనలేదు. నేనూ అనలేదు, నాకు తెలుసు ఏదైనా అంటే చెడిపోతుందని. లేచి వెళ్తూ తలుపు దగ్గర ఆగి అడిగాడు, 'లోపల ఏం చెప్పుంటాడు డాడీ?'

పాతబస్తీ_ఫిరోజ్
మాషా అల్లా. పడ్డడు.

చిక్కడపల్లి_చిన్నోడు
నువ్వేం చెప్పావన్నా?

మల్కాజిగిరి_నాన్న
నిజం చెప్పాడన్నాను. దిండు విసిరాడు.

పక్కా_లెక్కలు
ఇంతకీ అన్నా, నువ్వు చూసిన ప్రింట్ ఎక్కడిది? నేను చూసిన దాంట్లో మనుషులందరూ అడ్డంగా సాగిపోయి ఉన్నారు. రఘువరన్ కూడా లావుగా కనిపించాడు.

నేల_టికెట్
రఘువరన్ లావుగానా? అందుకే నీకు క్లైమాక్స్ నచ్చలేదు.